రెండు ట్రిగ్గర్లు

“కళ్ళు మూసుకుని నొక్కు కాకా. తేడా వేలికే తెలియాలి,” అన్నాడు తురాబ్.

తుపాకులు చేసి అమ్మే దర్రా బజారులో అతని కొట్లో ఆ ఉదయానికి మిగిలినవి రెండే పిస్టళ్ళు. ఒకే విదేశీ పిస్టలుకు అక్కడే చేసిన నకళ్ళు. పిడి, బరువు, మెరుపు అన్నీ ఒకటే. పక్కపక్కన పెడితే చేసినవాడు కూడా తడబడాల్సిందే.

సమందర్ కాకా ఖాళీ పిస్టలు గోడవైపు తిప్పి కళ్ళు మూసుకున్నాడు. మొదటిదాని ట్రిగ్గర్ మీద వేలు ఆనిందో లేదో ‘టక్’మంది. రెండోది ఇసుకలో ఈడ్చినట్టు కదిలి, సగంలో మొరాయించి, ఇంకా బలంగా లాగితే గానీ వదల్లేదు.

“మొదటిదేగా నా మనవడు గుల్బాజ్ బయానా డబ్బిచ్చి ఖాయం చేసుకుపోయింది?”

“అదే. మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్తానన్నాడు.”

“వాడికి రెండోది ఇవ్వు.”

తురాబ్ పకపకా నవ్వాడు. “ఆర్నెల్లుగా నా నెత్తిన కూర్చుంది అది. నీకెందుకంత ముద్దొచ్చింది?”

“గుల్బాజ్‌కి నలుగురిలో పరువు పోయింది. నేను ఆపితే ఆగడు. ఆ ట్రిగ్గరన్నా కాసేపు ఆపాలి. చెయ్యి వణికితేనే పేలిపోయేది వాడి దగ్గర ఉండకూడదు.”

ఎవరి మీద కోపమని తురాబ్ అడగలేదు. ఆ బజారులో అడగరు. అడిగినవాడి కొట్టుకు మళ్ళీ ఎవరూ రారు.

“సరుకు మారిస్తే నా పేరు పోతుంది కాకా. ఊరికే పోగొట్టుకోమంటావా?”

కాకా చేతి గడియారం విప్పి ముందుపెట్టాడు. తురాబ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, “ఇది నీకంటే ముసలిది,” అంటూ వెనక్కి తోశాడు.

అంతలో తురాబ్ కొడుకు జర్ఘూన్ కహ్వా టీ తెచ్చి కప్పుల్లో పోశాడు. అతని వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది.

“చేతికేమైంది బిడ్డా?” అన్నాడు కాకా.

“వాలీబాల్ కాకా. కోహాట్‌లో. ఆటన్నాక తగులుతాయి,” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

“నీ కొడుకా?”

“ఒక్కడే. కొట్లో కూర్చోమంటే ఒళ్ళు నొప్పులు, ఆటంటే పరుగులు.”

కాకా కప్పు మీదుగా జర్ఘూన్ వెళ్ళిన వైపే చూశాడు. తర్వాత ఒక్క గుక్కలో తాగి, భుజాన వేలాడుతున్న తండ్రినాటి రైఫిలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది తీసుకో. మాట తప్పకు.”

తన ఇంటి కహ్వాకి ముసలాయన మెత్తబడ్డాడనుకున్నాడు తురాబ్. కొట్టంతా అమ్మినా అలాంటి రైఫిలు రాదు.

“నా కొడుకు మీద ఒట్టు,” అన్నాడు.

మధ్యాహ్నం గుల్బాజ్ వచ్చాడు. పై పెదవి వాచి ఉంది. రెండో పిస్టలు ఒకసారి నొక్కి మొహం చిట్లించాడు.

“ఇది కాదు.”

“కొత్త స్ప్రింగు. వాడగా వాడగా సర్దుకుంటుంది.”

“కథలు చెప్పకు. నేను నొక్కి చూసింది ఇవ్వు. లేదంటే నా బయానా పారేయ్, పక్క కొట్లో చూసుకుంటా.”

తురాబ్ లెక్క వేసుకున్నాడు. రైఫిలు ఎలాగూ చేతికొచ్చింది. ఇంటికొచ్చిన బేరం పక్క కొట్టుకెందుకు పోవాలి? ముసలాయనకు తెలిస్తే మాత్రం ఏం చేస్తాడు? వంగి, బల్ల కింద నుంచి మొదటిది తీశాడు.

టక్.

గుల్బాజ్ నవ్వబోయి, పెదవి నొప్పికి ఆగాడు.

మర్నాడు సాయంత్రం తురాబ్ రైఫిలుకు నూనె రాస్తూ కూర్చున్నాడు. తేలిగ్గా పేలేది పూర్తి ధరకు పోయింది. మొండిది ఇంకా తన దగ్గరే ఉంది. పైన ఈ రైఫిలు లాభం. ఇంత మంచి బేరం గురించి చెప్పుకుందామంటే జర్ఘూన్ ఇంకా కోహాట్ నుంచి రాలేదు.

బయట బండి ఆగింది. గుమ్మంలో సమందర్ కాకా నిలబడ్డాడు, తలపాగా లేకుండా. ఆ వయసు పఠాన్ ఒట్టి తలతో ఒకరి గడప తొక్కాడంటే దేబిరించడానికే. తురాబ్ రైఫిలును వెనక్కి జరుపుకున్నాడు.

“దీని కోసమే అయితే వచ్చిన దారినే వెళ్ళు కాకా. నేను ఇవ్వబోయాను, నీ మనవడే ఒప్పుకోలేదు.”

“రైఫిలు నువ్వే ఉంచుకో.”

“మరి ఈ వేషమేంటి? తలపాగా ఏది?”

కాకా బండి వైపు చూశాడు.

“నీ కొడుకు మీద కప్పాను.”