తెల్ల బట్టల బృందం

"ఇప్పుడు పాడిన పాట ఎవరిది?" అంది గ్లెండా, వేదిక వెనక్కి దాదాపు పరిగెత్తుకొచ్చి.

గిటారు తుడుస్తున్న వెర్లిన్ తలెత్తాడు. బయట మైదానంలో ఈలలు ఇంకా ఆగలేదు. ఎద్దుల స్వారీ చూడ్డానికొచ్చిన టెక్సస్ జనం, ఇంకో పాట పాడితే గానీ ఎద్దును వదలొద్దని గోల చేస్తున్నారు. మాటలా మరి!

"నాదేనమ్మా," అన్నాడు.

"రాసిందా, బాణీ కట్టిందా?"

"రెండూ."

గ్లెండా అక్కడే ఉన్న డబ్బా మీద కూలబడింది. ఆమెది నాష్‌విల్‌లో రికార్డుల కంపెనీ. చెల్లెలి ఊరికి పోతుంటే కారు టైరు పంక్చరై ఈ ఎద్దుల స్వారీ మైదానం దగ్గర ఆగింది. ఆమె వచ్చేసరికే ఆఖరి పాట నడుస్తోంది. మొదట్లో మైకులో బృందం గురించి చెప్పిన నాలుగు ముక్కలూ ఆమె చెవిన పడలేదు.

"పైన్ రివర్ బాయ్స్... ఈ పేరు నేనెప్పుడూ వినలేదే! ఎక్కడ దాక్కున్నారయ్యా ఇన్నాళ్లూ?"

బాస్ గిటారు వాయించే డూలీ కిసుక్కున నవ్వాడు. వెర్లిన్ నవ్వలేదు.

బృందం మొదలైనప్పుడు ఉన్నది ఒక ఫిడేలు, ఒక స్టీల్ గిటారు. తాగుబోతు మొగుళ్లు, పారిపోయిన పెళ్లాలు, వానలో తడిసే గుర్రాలు, అన్నీ పాతకాలపు కౌబాయ్ ఏడుపులే; కంట్రీ పాటలంటే అవే. తర్వాత రేడియో మారిపోయింది. ఫిడేలు వెనక్కి జరిగింది. చర్చివాళ్లు ఇచ్చిన పాత కీబోర్డు ముందుకొచ్చింది. డ్రమ్ములు డాన్సు దరువు పట్టాయి. పల్లవికి ముగ్గురు గొంతు కలిపేవాళ్లు. "ఇదేం కంట్రీ పాటరా, ఐస్‌క్రీమ్ బండి సంగీతం!" అని ముసలాళ్లు తిట్టారు. కుర్రకారు మాత్రం ఎగిరి గంతులేశారు.

రోజూ సాయంత్రం సాధన. వేరే పనేం ఏడిసింది కనక! ఇన్నేళ్లలో ఒక్కడూ ఆలస్యంగా వచ్చిన పాపాన పోలేదు. పోయినేడు డ్రమ్ములు వాయించే ఓటిస్ బృందం వదిలి వెళ్లిపోతే ఎవరికీ కోపం రాలేదు. వాణ్ని కావలించుకుని ఏడ్చారు. ఆ ఏడుపులో సగం అసూయే.

"ఈ తెల్ల బట్టలు కూడా భలే ఉన్నాయి," అంది గ్లెండా. "అందరికీ ఒకేలా! ఎవరి ఆలోచన?"

"పైవాళ్లదమ్మా," అన్నాడు డూలీ. "మేం వద్దన్నా వినరు."

పక్కన కుర్చీలో కూర్చుని పొగాకు నములుతున్న కెప్టెన్ ప్రూయిట్ వాణ్ని కొరకొర చూశాడు. బృందం ఎక్కడ పాడాలన్నా, ఎప్పుడు ఆపాలన్నా ఆయన ఊ అనాల్సిందే.

"వెర్లిన్ గారూ, సోమవారం స్టూడియో ఖాళీ ఉంది. వచ్చి ఆ 'రోవీనా' పాట పాడండి. వేసవికల్లా దేశంలో ప్రతి రేడియోలో మోగిస్తాను."

రేడియో!

రోవీనా వెర్లిన్ కూతురు. ఉయ్యాల్లో ఉండగా చూసిందే. వాళ్లమ్మ ఇంట్లో తండ్రి పేరు ఎత్తనివ్వదు. అతను రాసిన ఉత్తరాలు విప్పకుండానే పొయ్యిలో పడేస్తుంది. కానీ రేడియో నోరు ఎవరు మూస్తారు? ఏదో ఒకరోజు ఏ వంటింట్లోనో తన గొంతు ఆ పిల్ల పేరు పెట్టి పిలవాలి. ఇన్నేళ్లుగా అతను బతికింది ఆ ఒక్క ఆశ మీదే.

"రాలేనమ్మా," అన్నాడు.

"అదేంటండీ? డబ్బు గురించా?"

"కాదు."

"తాగుడా?"

"ముట్టుకుని ఏళ్లయింది."

గ్లెండా కెప్టెన్ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "ఈయన వదలడా? సంతకం పెట్టేశారా? ఎలాంటి ముడినైనా విప్పే లాయర్లు నా దగ్గరున్నారు."

"నాకూ ఒకాయన ఉండేవాడు."

"ఏం చేశాడు?"

"పాపం, చేయగలిగింది చేశాడు లెండి."

ఉన్నమాట చెప్పేస్తే ఒక్క క్షణంలో తేలిపోయేది. కానీ ఎన్నేళ్లకో ఒక మనిషి అతణ్ని పాటగాడిలా చూస్తోంది. ఆ చూపు మారిపోతే తట్టుకోలేననిపించింది.

"పాట ఊరికే తీసుకోండి," అని బతిమాలాడు. "ఎవరిచేతైనా పాడించండి. ఆ పిల్ల పేరు మాత్రం మార్చకండి, అంతే."

"ఇంకొకరు పాడితే పదింటితో పాటు పదకొండో పాట. నాక్కావలసింది ఈ గొంతు. వస్తారా, రారా?"

వెర్లిన్ మళ్లీ గిటారు తుడవసాగాడు.

గ్లెండా విసురుగా లేచింది. "అదృష్టం వచ్చి తలుపు తడుతుంటే లేచి గడియ తీయని మనిషిని ఇవాళే చూశాను. మీ ఖర్మ!" టకటకా వెళ్లిపోయింది.

"ఒరే పిచ్చి సన్నాసీ, చెప్పి చావొచ్చు కదరా!" అన్నాడు డూలీ.

"చెబితే ఏం ఒరుగుతుందిరా?"

రేడియో ఆశ ఆమె చెప్పుల చప్పుడుతోనే పోయింది. వెర్లిన్ కళ్లు తుడుచుకున్నాడు.

కెప్టెన్ పొగాకు ఉమ్మి లేచి నిలబడ్డాడు. "ఏరా, అయిందా? పొద్దుగూకేలోపు చేరాలి, పదండి."

వెర్లిన్ గిటారును పెట్టెలో పెట్టి మూతేసి, ఎప్పటిలాగే రెండు చేతులూ ముందుకు చాచాడు. కెప్టెన్ వాటికి బేడీలు తగిలించి జైలు బండి ఎక్కించాడు.