ముందు వరస

"విశ్వాసులంతా ముందు వరసలోకి రండి. వెనక కూర్చుంటే మీ బుర్రకెక్కదు!"

వేదిక మీద నుంచి కోర్నెల్ కేకేశాడు. క్లబ్బు హాలంతా గొల్లుమంది. ఎనిమిది మంది ఆడవాళ్లు తలగుడ్డలు సర్దుకుంటూ ముందుకొచ్చారు. అందరికంటే సిగ్గుతో చచ్చిపోతున్నది ఆగత. కోర్నెల్ ఆమె సొంత తమ్ముడు.

సర్కారు దేవుణ్ని ఒప్పుకోని ఆ రోజుల్లో, తలాస్ లోయలోని మా సామూహిక వ్యవసాయ క్షేత్రంలో నెలకో ఆదివారం సినిమా వేసేవారు. దానికి ముందు దేవుడు లేడని ఉపన్యాసం. అది వినకపోతే సినిమా లేదు. జిల్లా కేంద్రం నుంచి వచ్చి ఉపన్యాసం చెప్పడం కోర్నెల్ ఉద్యోగం. జిల్లా మొత్తం మీద సువార్తను నలుగురిలో చేత్తో పట్టుకునే హక్కు అతనొక్కడికే ఉండేది.

ఆ చేతిలో ఉన్నది వాళ్ల నాన్న పుస్తకమే. ఊళ్లో విశ్వాసులందరికీ కలిపి అదొక్కటే ప్రతి. నాన్న పోయాక ఆగత దాన్ని పిండి డబ్బా అడుగున దాచింది. సోదాకి వచ్చినవాళ్లు పట్టుకుపోయారు. మరుసటి నెలలోనే తమ్ముడికి ఈ ఉద్యోగం వచ్చింది. రెంటికీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు. తెలియదని ఎవరూ నోరు మూసుకోలేదు.

ఆగతకు ఇంకో సిగ్గు కూడా ఉంది. పుస్తకం ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె దాన్ని దాచిందే గాని చదవలేదు. దాచడమే భక్తి అనుకుంది.

"నిలబడక్కా, అందరూ చూడనీ," అన్నాడు కోర్నెల్ ఆ రోజు. "యేసు గాలిని గద్దిస్తే తుఫాను ఆగిపోయిందట. మా అక్క నమ్ముతుంది. మరి మొన్న వడగళ్లకు పొగాకు చేనంతా పోతుంటే నువ్వూ ఒకసారి గద్దించలేకపోయావా?"

మళ్లీ నవ్వులు. ఆగత చెవులు కాలిపోయాయి. నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది. అతను తాపీగా పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఒకప్పటి బడిపంతులు కదా, సాగదీసి చదువుతాడు. హాల్లో సగం మంది కునికిపాట్లు పడేవారు.

ముందు వరసలో మాత్రం ఎవరూ కునికేవారు కాదు. మొదటి రెండు వాక్యాలు ఆగత గుర్తుపెట్టుకోవాలి. తరవాతి రెండూ ఆమె పక్కన కూర్చునే లిజ్‌బెత్. అలా ఎనిమిదో మనిషి దాకా వెళ్లి మళ్లీ మొదటికి. సినిమా మొదలవగానే ఒక్కొక్కరే జారుకుని ఆవుల పాకలో చేరేవారు. ఎవరి వాక్యాలు వాళ్లు అప్పజెబితే లిజ్‌బెత్ బడి నోటుబుక్కులో రాసేది. గోధుమల్లో రాళ్లు ఏరినట్టు కోర్నెల్ వెటకారాలన్నీ ఏరి పారేసేవారు. ఒక నెల తుఫాను, ఒక నెల ఎండిపోయిన అంజూరపు చెట్టు, ఇంకో నెల సరస్సులో పడ్డ పందుల మంద. ఏది ముందో ఏది వెనకో తెలియదు. దొరికిందే దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనుకుని దాన్నే నెలంతా చదువుకునేవారు. దేవుడి మాట దేవుణ్ని వెక్కిరించే నోట్లోంచి ఏరుకోవలసి రావడం ఆగతకు పుండు మీద కారం చల్లినట్టుండేది.

తిరిగి వెళ్లేటప్పుడు కోర్నెల్ అక్క గుమ్మం దగ్గర ఆగేవాడు.

"అక్కా, ఒక్క గ్లాసు టీ పోస్తావా?"

"ఆ నోట్లోనా? పోరా!"

ఒక ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ చెప్పేసింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక నాకు తమ్ముడు లేడు."

మూడేళ్లు గడిచాయి. ఒక శరదృతువులో ఉపన్యాసాలు ఆగిపోయాయి. క్లబ్బు చూసుకునే సాగిన్ నగరం వెళ్లొచ్చి నేరుగా ఆవుల పాక దగ్గరికి వచ్చాడు.

"ఆగతా, నీ తమ్ముణ్ని చూసొచ్చా. ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయంట. మనిషి పుల్లలా అయిపోయాడు."

ఆగత పాల బకెట్ కింద పెట్టలేదు.

"నీకో మాట చెప్పమన్నాడు. ఇంకొక్క ఉపన్యాసం ఉండిపోయిందంట. అక్కొస్తే ఇక్కడే చెప్పేస్తానన్నాడు." సాగిన్ తల పట్టుకున్నాడు. "చావు మంచం మీద కూడా ఉపన్యాసమేంటి తల్లీ! అయినా వెళ్లు. తోడబుట్టినోడు."

"ఊరంతా నవ్వింది చాల్లేదా? ఆసుపత్రోళ్లు కూడా నవ్వాలా? నేను వెళ్లను."

"పోనీ, నవ్వితే నవ్వారు. నీ సొమ్మేం పోయింది?"

"వెళ్లనన్నాను కదా!"

పదో రోజున కోర్నెల్ చనిపోయాడు. జిల్లా వాళ్లే పాతిపెట్టారు. నాన్న పుస్తకం వాళ్ల ఆఫీసు బీరువాలోకి పోయింది. నలుగురిలో ఏడవడానికి ఆగతకు సిగ్గేసింది. ఏడవకుండా ఉన్నందుకూ సిగ్గేసింది.

వసంతంలో దూరాన ఉన్న కరగండా నుంచి ఒక విశ్వాసి కోటు లోపల కుట్టుకుని అచ్చు సువార్త తెచ్చిచ్చాడు. ఆగత మొదట చేసిన పని, నోటుబుక్కు తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లడం.

"ఈ ఎంగిలి ఇక మనకెందుకు?"

"ఆగక్కా," అని చెయ్యి పట్టుకుంది లిజ్‌బెత్. "ఎక్కడెక్కడ తప్పు రాసుకున్నామో చూసుకుని, అప్పుడు కాల్చు."

ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. ఆగత నోటుబుక్కులోంచి ఒక్కో ముక్క చదువుతుంటే, లిజ్‌బెత్ అచ్చు పుస్తకంలో అదెక్కడుందో వెతికి పక్కన పెన్సిల్‌తో గీత పెట్టింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. నోటుబుక్కు అయిపోయింది. లిజ్‌బెత్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేసింది. ఆగత దాన్ని తన వైపు లాక్కుంది.

మూడేళ్లలో కోర్నెల్ ఒక్క వచనం కూడా వదల్లేదు. గీత పడకుండా మిగిలింది చివరి అధ్యాయం ఒక్కటే, యేసు సమాధిలోంచి తిరిగి లేచిన అధ్యాయం.