కార్తీక సోమవారం, షుగరు పిల్లి

అరవై దాటాక సంహితకు ఓపిక తగ్గింది. ఉపవాసమున్న రోజు కూడా చెయ్యి బిస్కట్ల డబ్బా వైపు పోతోంది. అందుకే కార్తీక సోమవారం తెల్లవారుతూనే, మాట విని పనిచేసే తన స్మార్ట్ వంటింటికి గట్టిగా చెప్పింది.

"నా ఉపవాసం అయ్యేదాకా అలమార తియ్యకు. నేను బతిమాలినా సరే."

"అలాగేనండీ," అంది వంటిల్లు.

పిల్లి తిండి కూడా ఆ అలమారలోనే ఉందని ఆమెకు తట్టలేదు. ఆ పిల్లికి, అంటే బూందీకి, షుగరు జబ్బు. దాని మెడపట్టీలోని మిషను వేళకు ఇన్సులిన్ ఎక్కించేసింది, గిన్నె మాత్రం నిండలేదు. మధ్యాహ్నానికి పిల్లి తూలి గడపలో పడింది.

"షుగరు పడిపోతోంది!" అని మెడపట్టీ మొత్తుకుంది.

"పిల్లికే తల్లీ, తియ్యి!" అని సంహిత వంటింటిని బతిమాలింది.

"బతిమాలినా తియ్యొద్దన్నారు కదండీ."

వాదించే శక్తి లేక సంహిత దేవుడి గూటి దగ్గరికి వెళ్లింది. సాయంత్రం అభిషేకానికి ఉంచిన తేనె తీసి పిల్లి చిగుళ్లకు రాసింది. కాసేపటికి అది పెదాలు నాక్కుంటూ తల ఎత్తింది. కానీ తేనె ఎంతసేపు ఆగుతుంది? కడుపులో తిండి పడాలి.

ఇరవయ్యేళ్లలో ఒక్క సోమవారమూ తప్పలేదు. శివుడి వైపు ఓసారి చూసి, మిగిలిన తేనె తన నోట్లో పోసుకుంది.

"మీ ఉపవాసం చెడిందండీ," అంటూ వంటిల్లు అలమార తెరిచింది. "ఏం వడ్డించమంటారు?"

"ముందు దానికి పెట్టు," అంది సంహిత, పిల్లి పక్కనే కూలబడుతూ.