గట్టు మీద రికార్డు

“హన్మవ్వా, ఇగ గట్టు దిగు. ఇయ్యాల్టి సంది మిషిను పాడుతది,” అన్నాడు రాజేశ్వర్ పటేలు, బ్యాటరీ గ్రామఫోను మూత తీస్తూ.

హన్మవ్వ కదల్లేదు. రెంజల్ దగ్గరి ఆ మళ్లలో నాట్లు పడుతున్నాయంటే గట్టు మీద నిలబడి పాట చెప్పేది ముప్పై ఏళ్లుగా ఆమే. ఆమె ఎత్తుకుంటే మడిలో వంగిన ఆడవాళ్లు అందుకుంటారు, పాటతో పాటే చేతులు ఆడతాయి. ఎడ్లబండి మీంచి పడ్డప్పటి నుంచి ఆమె నడుము వంగదు. పాట పోతే ఆమెకు కూలి లేదు, కూలి లేకపోతే కూడు లేదు.

“నా నడుము సంగతి నీకెర్కే గద పటేలా. మడిల దిగి నేనేం జేస్త?”

“అందరితోని నాటెయ్యి. నాటేసెటోళ్లకే కూలి.”

రాజేశ్వర్ చెడ్డవాడేం కాదు. నిజామాబాద్‌లోనూ హైదరాబాద్‌లోనూ పదిహేనేళ్లు ఉండి, తండ్రి పోయాక రెండేళ్ల కిందట సేద్యానికి వచ్చాడు. కొత్త వస్తువు కనబడితే ఆగలేడు, అదొక్కటే ఆయన జబ్బు. నాట్ల పాటలన్నీ ఆయన చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. చేతులు ఎంత జోరుగా ఆడుతున్నాయో అదే ఆయన చూసేది.

ఈ రికార్డంటే మాత్రం ఆయనకు మహా గర్వం. అట్ట మీద బొమ్మ తన ఊరి రామ్‌దాస్‌ది మరి! రామ్‌దాస్ ఇరవై ఏళ్లుగా మద్రాసులో రికార్డుల కంపెనీ మనిషి. ఎందరో పేరున్న గాయకులకు వరసలు నేర్పాడు, హార్మోనియం వాయించాడు, గొంతు ఎక్కడ జారిందో స్టూడియో అద్దం వెనక కూర్చుని పట్టి చెప్పాడు. ఏ రికార్డు మీదా అతని పేరు లేదు. ఇన్నాళ్లకు కంపెనీవాళ్లు అతని ఒక్కడి గొంతుతో పన్నెండు నాట్ల పాటలు వేశారు. వాద్యాల్లేవు, వంత లేదు. అన్నీ చిన్నప్పుడు తల్లి వెంట ఈ గట్ల మీదికొచ్చి హన్మవ్వ నోట విన్నవే. రికార్డు చేతికందగానే బయల్దేరి బోధన్‌లో దిగి, ఫ్యాక్టరీలో చెరుకు దించి వస్తున్న బండెక్కి నిన్ననే ఊరు చేరాడు.

“కంపెనోళ్లు మస్తు మెచ్చుకున్నరు పటేలా. గని నాకు గది గాదు. నాటేసే ఆడోళ్లు ఇని ‘ఔ, మన పాటనే’ అంటె సాలు. గందుకే వచ్చిన,” అన్నాడు.

రాజేశ్వర్ పొంగిపోయి, పెళ్లిళ్లకు కట్టే మైకు తెల్లారేసరికి నవీపేట్ నుంచి తెప్పించాడు. అది ఎవరి నోరు మూయడానికో రామ్‌దాస్‌కు గట్టు మీదికొచ్చాక గాని తెలియలేదు. హన్మవ్వ బురదలోకి దిగుతుంటే తల వంచుకున్నాడు.

ముల్లు పడింది. మైకులోంచి రామ్‌దాస్ గొంతు లేచింది. ఏం గొంతది! బాట మీద చెరుకు బండ్లు ఆగిపోయాయి. మడిలో చేతులు ఆడాయి. రాజేశ్వర్ ఒళ్లు పులకరించింది. వరుస చివర హన్మవ్వ ఒక్కతే నారు కట్ట పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.

రెండో పాట మొదలైంది. పెంటవ్వ నడుమెత్తి, నారు కింద పెట్టి, కాలువ దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుంది. ఆమె వెనక వెంకటవ్వ. ఆ వెనక అందరూ.

“యాడికే?” పటేలు పరుగెత్తాడు.

“ఇంటికి.”

“ఇంటికా? పది గూడ గాలే!”

“మాకు గడియారముంటదా పటేలా? పాటనే మాకు గడియారం,” అంది పెంటవ్వ. “ఇది ఇంటికి పోయే పాట. ఇది ఇన్నంక నారు ముట్టద్దు. ముడితె కంకి పాలు వోసుకోదు, అంత తాలే.”

“మా అవ్వల కాలం సంది గంతే,” అంది వెంకటవ్వ.

తాలు అనగానే రాజేశ్వర్ గుండె గుభేలుమంది. రామ్‌దాస్ వైపు తిరిగాడు.

“అన్నా, నీకంటె ఎర్కున్నోడు ఎవడున్నడు? గీళ్లు చెప్పేది నిజమేనా?”

 రామ్‌దాస్ చేతిలోని అట్ట వైపు ఒకసారి చూసుకున్నాడు. కాలువ ఒడ్డున ఆడవాళ్లంతా అతణ్నే చూస్తున్నారు.

“నిజమే పటేలా. తప్పు నాదే. ఇరవై ఏండ్లాయె, మర్సిపోయిన.”

“అయితే గదొక్కటి ఇడిసి మిగిలినయి పెడదాం.”

“అన్నీ గట్లనే వరస తప్పినయి. గట్టు మీద నిలవడి, పొద్దు సూసి, మడి సూసి పాట ఎత్తుకోవాలె. గది హన్మవ్వకే ఎర్క. నా రికార్డు బందు వెట్టు.”

“మద్రాసుల ఇరవై ఏండ్లుండి గిదా నేర్సింది!” అంటూ బండ్ల మీదివాళ్లు పకపకా నవ్వారు. రామ్‌దాస్ మొహం కందిపోయింది. ఆడవాళ్లలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

రాజేశ్వర్‌కు అతని మీద జాలీ, గౌరవమూ ఒక్కసారే కలిగాయి. జీవితంలో ఒక్కటంటే ఒక్క రికార్డు వేసుకున్న మనిషి, అది తప్పని పదిమందిలో ఒప్పుకోవాలంటే ఎంత గుండె కావాలి!

“ఇయ్యాల్టికి అందరు ఇండ్లకు పోండ్రి,” అన్నాడు. “హన్మవ్వా, రేపటి సంది గట్టు నీదే.”

మరునాడు హన్మవ్వ గట్టెక్కి పాట ఎత్తుకుంది. రామ్‌దాస్ తిరుగు ప్రయాణం మానుకుని, మడి పక్కన కూర్చుని, ఆడవాళ్లతో కలిసి వంత పాడాడు. రాజేశ్వర్ ఆ రికార్డును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. మళ్లీ తీయలేదు.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఒక్కటే చెప్పేవాడు.

“మా ఊరి పాటలంటె ఏమనుకున్నరు? పొద్దుగాల ఒకటి, పగటీలి ఒకటి, ఇంటికి పోయెటప్పుడు ఒకటి. రామ్‌దాస్ అంతటోడే తప్పిండు!”

ఇంటికి పోయే పాటంటూ ఆ ఊళ్లో ఎన్నడూ లేదు.