గాజులు తొడిగే చెయ్యి

మా పెళ్లై ఇరవై రోజులు. మా ఆయన దస్తగిరిది గాజుల కొట్టు, ఆయన కుడిచెయ్యి యంత్రానిది. అది తొడిగితే మూడింట ఒక గాజు చిట్లేది. అత్తమ్మ నేర్పిన ఒడుపును దాని ప్రోగ్రాంలో నేను రాశాక, ఆడవాళ్లు మళ్లీ ఆయన ముందే చెయ్యి చాపుతున్నారు. ఆ ముచ్చట చూడ్డానికే రోజూ క్యారియర్ తీసుకెళ్తున్నాను.

ఈ సాయంత్రం ఆ చెయ్యి మాట్లాడింది. “మీ మార్పును ఆరులోగా కంపెనీకి పంపాలి. లేకుంటే వేళ్లు ఆగిపోతాయి.”

“స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నావు కదా రమీజా?” అన్నారు ఆయన.

పెళ్లి హడావుడిలో ఆ ప్రోగ్రాం లైసెన్సు మొదటి పేజీ చదివే మురిసిపోయాను. ఇప్పుడు నిబంధనలన్నీ చదివాను.

“మార్చొచ్చు, పంచొచ్చు. కానీ ఏం మార్చినా వాళ్లకి పంపి తీరాలట. మన దగ్గరే ఉంచుకోనివ్వనిది స్వేచ్ఛ ఎలా అవుతుందండీ?”

“అడిగితే అమ్మ ఒడుపు నేనే ఇచ్చేవాణ్ణి.”

“ఇది అడగడమా? వేళ్లు విరిచి గుంజుకోవడం!”

ఇలాంటి షరతుల్లేని ప్రోగ్రాం ఒకటుంది. ఈ రకం చేతిమీద ఎవరూ వేసి చూడలేదు. వికటిస్తే చెయ్యి కట్టెపుల్లే.

ఆరుకి పది నిమిషాలుంది. ఆయన చేతిని నా ఒళ్లో పెట్టారు. “కానియ్.”

పాతది తీసేశాను. వేళ్లు వాలిపోయాయి. కొత్తది ఎక్కించి, అత్తమ్మ ఒడుపు కలిపాను. ఆరు దాటింది. కదలిక లేదు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు బొటనవేలు నా అరచేతిని గీరింది.

“ఏదీ, చెయ్యి చాపు.”

మొదటి గాజు పుటుక్కుమంది. రెండోది నొప్పి తెలియకుండా మణికట్టు దాకా జారింది.

“ఇక ఈ ఒడుపు ఊళ్లో అందరికీ ఇచ్చేద్దామా?” అన్నాను.

“ఇద్దాంలే. ముందు నీకు డజను పూర్తి కానీ.”