ఎనభై దాటితే

లెక్కల మాస్టారు పాత కార్ల షెడ్డులో నిలబడి, నోటుపుస్తకంలో నిలువుగా గీత కొట్టారు.

ఎడమ పక్క ఎర్ర కారు. కుడి పక్క తెల్ల కారు.

ఎర్రది తిరిగింది నలభై వేల కిలోమీటర్లు, తెల్లది డెబ్బై వేలు. ఎర్రది లీటరుకు పద్దెనిమిది ఇస్తుంది, తెల్లది పదిహేను. పికప్‌లోనూ ఎర్రదే మెరుగు. ధర మాత్రం రెండింటికీ ఒకటే.

"పదికి ఎర్రదానికి ఎనిమిది, తెల్లదానికి ఐదు," అన్నారు మాస్టారు. "ఇంకేం చూడాలి?"

భార్యకు ఏడో నెల. నడుం మీద చెయ్యి ఆనించుకుని, "సీట్లు కూడా ఎర్రదానివే మెత్తగా ఉన్నాయండీ," అంది.

"తెల్లది తీసుకోండి బాబూ."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గోడ పక్క బల్ల మీద, మోచేతి దగ్గర చొక్కా చిరిగిన పెద్దాయన.

"ఎందుకని?"

"ఎర్రదానికి ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. అడుగున అతుకు వేశారు. ఎనభై దాటితే ఎడమకి లాగుతుంది. వానలో అయితే మరీను. అమ్మాయి వట్టి మనిషి కాదు కదా."

"మీకెలా తెలుసు?"

పెద్దాయన తల వంచుకున్నాడు. "తెలుసు బాబూ."

మాస్టారు నవ్వారు. "అర్థమైంది లెండి. తెల్ల కారు అమ్మిపెడితే మీకెంత ముడుతుంది?"

పెద్దాయన మొహం చిన్నబోయింది. లేచి, గర్భిణికి బల్ల మీద చోటిచ్చాడు.

"ఏవండీ, ఒకసారి పెద్ద రోడ్డెక్కించి చూసి రండి. పోయేదేముంది?" అంది ఆమె కూర్చుంటూ.

ఈ సందులో ఒక రౌండు చాలన్నాడు షెడ్డు మేనేజరు. మాస్టారు వినలేదు.

డెబ్బై దాకా ఎర్ర కారు హాయిగా సాగింది. ఎనభై దాటగానే స్టీరింగ్ ఎడమకి గుంజింది. మాస్టారు వేగం తగ్గించి, కారు వెనక్కి తిప్పారు.

తెల్లదే కొన్నారు.

"జాగ్రత్తమ్మా," అని పెద్దాయన చెయ్యెత్తాడు. మాస్టారు అటు చూడలేదు.

"బేరం కుదిరిందిగా, ఇక వాటా పుచ్చుకుంటాడు," అన్నారు గేటు దాటాక.

రెండు నెలలకు, కుండపోత వానలో నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి నలభై కిలోమీటర్లు. తెల్ల కారు గీత గీసినట్టు నడిచింది.

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

"ఆయన వాటా తీసుకుంటే తీసుకున్నాడు, చెప్పింది మాత్రం నిజమే కదండీ," అంది భార్య. "మీరన్న మాటకి పాపం ఆయన మొహం ఎంత చిన్నబోయిందో! వెళ్లి ఒక్క మంచి మాట చెప్పి రండి."

మర్నాడే మాస్టారు మిఠాయి పొట్లం పట్టుకుని షెడ్డుకి వెళ్లారు. బల్ల ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చునే మీ బ్రోకరు ఏడండీ?"

"బ్రోకరా? మాకెవరూ లేరు సార్." మేనేజరు ఖాళీ బల్ల వైపు చూశాడు. "ఓహో, ఆ పెద్దాయనా! తన కారు అమ్మిపెట్టమని ఇచ్చి, మూడు నెలలు ఇక్కడే పడిగాపులు కాశాడు. ఆయనకున్న ఆస్తల్లా అదేనట. నోరు మూసుకుని కూర్చోవయ్యా అంటే వింటేగా! వచ్చినవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పేసేవాడు. చివరికి నిన్న తుక్కు కింద ఇచ్చేసి, బస్సెక్కి వెళ్లిపోయాడు. ఎక్కడికో కూడా చెప్పలేదు."

"ఏ కారు?" అన్నారు మాస్టారు.

"మీరు పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్లారే, ఆ ఎర్రదే."