పాప నిద్రపోతోంది

“ఇప్పుడే కన్ను మూతపడిందమ్మా. లేపామంటే సాయంత్రం దాకా ఇల్లు పీకి పందిరేస్తుంది,” అంది మైర్, మెట్లకు అడ్డంగా నిలబడి.

నెరిస్ పైకి చూసింది. ఏ చప్పుడూ లేదు. కొండ మీద నుంచి దిగిన వాన కిటికీని కొడుతోంది.

“జ్వరం తగ్గిందాండీ?”

“నిన్ననే తగ్గింది. టీ తాగుతావా? తడిసి ముద్దయ్యావు, పాపం.”

నెరిస్ తాగింది. పాప చేతి మీది దెబ్బ సంగతి అడిగింది. ఉయ్యాల మీంచి పడిందంది మైర్. గురువారం మళ్ళీ వస్తానని నెరిస్ లేచింది.

“ఇక ఆపు,” అంది మూలన కూర్చున్న గ్వెండా.

అది ఎవరూ కాపురముండే ఇల్లు కాదు. పిల్లల సంరక్షణ శాఖ కొత్తవాళ్ళకు పని నేర్పడానికి ఉంచుకున్న పాత ఇల్లు. తల్లి వేషం మైర్‌ది. నేర్పేదీ, మార్కులు వేసేదీ గ్వెండా.

“పాపని చూశావా?”

“పడుకుందన్నారుగా.”

“ఏం రాశావు?”

“పాప క్షేమం, నిద్రపోతోంది అని.”

“ఎవరి కళ్ళతో చూసి?”

నెరిస్ ఈ పరీక్ష తప్పడం ఇది రెండోసారి. ఇంకోసారి తప్పితే ఈ ఉద్యోగం లేదు.

“అంత ఆప్యాయంగా మాట్లాడుతుంటే మొహం మీద ఎలా అడగనండీ?”

“అడగలేకపోతే వెళ్ళి రొట్టెలమ్ముకో. అక్కడ ఆప్యాయత చాలు.”

“ఇంకొక్కసారి చేయనీ గ్వెండా. ఇవాళే,” అంది మైర్.

పని నేర్చుకునేవాళ్ళు మైర్ గురించి గుసగుసలాడుకునేవారు. ఒకప్పుడు ఆవిడదీ నిజంగానే ఇలాంటి ఇల్లేనట, బిడ్డ పోయిందట, అందుకే అంత సహజంగా చేస్తుందట. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మళ్ళీ తలుపు. మళ్ళీ అవే మాటలు, పొల్లు పోకుండా.

“టీ వద్దండీ. ముందు పాపని చూస్తాను.”

“నా ఇంటికొచ్చి నన్నే నమ్మవా? పిల్లని కన్నావా నువ్వు?”

“కనలేదండీ. అయినా చూడకుండా వెళ్ళను.”

మైర్ పక్కకు జరగలేదు. ఆవిడ భుజాన్ని రాసుకుంటూనే నెరిస్ పైకెక్కింది. గదిలో ఖాళీ మంచం, దాని మీద నలగని చిన్న దుప్పటి. అంతే.

దిగి వచ్చేసరికి గ్వెండా కాగితం మీద సంతకం పెట్టి కారు దగ్గరికి వెళ్ళిపోయింది. కింది మెట్టు మీద మైర్ కూర్చుని ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

నెరిస్ పక్కన కూర్చుంది. “మైర్ గారూ... ఆ పాప మీ పాపేనా?”

“కాదు తల్లీ. బెథన్ వేరేవాళ్ళ బిడ్డ. రెండేళ్ళు కూడా నిండకుండానే పోయింది.” మైర్ చేత్తో కళ్ళు తుడుచుకుంది. “నీతో అన్న మాటలన్నీ వాళ్ళమ్మవి.”

“మీకెవరు చెప్పారు?”

“ఆ రోజు చూడ్డానికి వెళ్ళింది నేనే. టీ తాగి వచ్చేశాను.”